పది నిమిషాలు కదలకుండా

పాత దస్తావేజులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆ హాల్లో పన్నెండు కంప్యూటర్లు, పన్నెండుమంది టైపిస్టులు, అన్నిటికీ కలిపి ఒక్క మెకానిక్కు. యంత్రం మొరాయిస్తే ముందు దాని మీద చెయ్యి వేసి వేడి చూసేది కాబట్టి ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. మూడు నెలలుగా ఆమె రోగులన్నీ నత్తనడక నడుస్తున్నాయి. ఒక్క కాగితం తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

"శుక్రవారానికి ఇవి దారికి రాకపోతే నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో" అని మేనేజరు తేల్చి చెప్పాడు.

ఆమెకు ఒళ్లు మండింది. చేయాల్సింది ఎప్పుడో చేసింది. వాడగా వాడగా ఫైళ్లు ముక్కలై డిస్కు నిండా చెల్లాచెదురవుతాయి. వాటిని ఏరి ఒకచోట చేర్చే డీఫ్రాగ్ పనిని ఆమె కంప్యూటర్‌కే అప్పజెప్పింది. మౌసూ కీబోర్డూ పది నిమిషాలు కదలకపోతే సర్దుడు దానంతటదే మొదలవుతుంది, మనిషి ముట్టుకోగానే ఆగుతుంది. రాత్రిళ్లు ఆఫీసులో కరెంటు కట్టేసినా, భోజనాలకు గంట విరామం ఉంది కదా, ఇంకేం కావాలి? అయినా కంప్యూటర్లు రాసుకునే చిట్టా తీస్తే ఒక్క రోజూ సర్దిన జాడ లేదు.

గురువారం ఆమె తిండి మానేసి ఖాళీ హాల్లోకి వచ్చింది. పన్నెండు బల్లల మీద పన్నెండు చేతి గడియారాలు వెల్లకిలా పడుకున్నాయి. ఒక్కోదాని మీద ఒక మౌసు. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే తెర మీద బాణం వణుకుతోంది.

అప్పుడే, హాలంతా అత్తయ్యగారని పిలిచే పెద్ద టైపిస్టు కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చి దొరికిపోయింది.

"ఏంటత్తయ్యగారూ ఇది?"

"ఏం చెయ్యమంటావే తల్లీ? మౌసు ఐదు నిమిషాలు ఆగితే మేనేజరుగారి గదిలో తెర మీద మన పేరు ఎర్రగా వస్తుంది. తింటున్నామో, కునుకు తీస్తున్నామో ఆయనకేం పట్టింది? మూడు ఎరుపులు పడ్డాయా, ఇంటికే."

డాక్టరమ్మకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తనను మూడు నెలలు తిట్టించింది ఈ గడియారాలన్నమాట! బయటపెడితే వీళ్ల ఉద్యోగాలు పోతాయి, నోరు మూసుకుంటే తనది పోతుంది. తోచక చిట్టాలన్నీ మళ్లీ తిరగేసింది, ఈసారి మేనేజరు గదిలోని పదమూడోదానిది కూడా. అది ఏనాడూ మొరాయించలేదు కనుక ఆమె ఏనాడూ చూడలేదు. చూసి, వెంటనే అచ్చు తీసింది.

శుక్రవారం ఉదయం మేనేజరు హాలు మధ్యలో నిలబడ్డాడు. "ఏమమ్మా, బాగయ్యాయా?"

"కాలేదు సార్. వాటికి రోజూ ఓ గంట ఖాళీ కావాలి. మీరు ఉండనివ్వడం లేదు."

"నా ఆఫీసులో ఒక్క కంప్యూటర్ ఖాళీగా ఉండటానికి వీల్లేదు!"

"ఒకటుంది సార్." ఆమె కాగితం విప్పి అందరికీ వినపడేలా చదివింది. "సోమవారం పదకొండు నుంచి రెండు దాకా కదలిక లేదు, సర్దుడు పూర్తి. మంగళవారం పదకొండు నుంచి మూడు. బుధవారం పొద్దంతా. ఆఫీసు మొత్తంలో పరుగెత్తే కంప్యూటర్ ఇదొక్కటే. మీదే."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు మొహం కందగడ్డయింది. "నాకు... మీటింగులుంటాయి!"

"ఉంటాయి సార్, కాదనను. వీళ్లకు ఆకలుంటుంది. ఆ ఎరుపుల ప్రోగ్రాం తీసెయ్యండి, లేదంటే మీదాని మీద కూడా పెడతాను. నన్ను తీసేస్తారా, తీసెయ్యండి. ఈ కాగితం మీ పైవాళ్లకు పంపే వెళ్తాను."

ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఒంటిగంటయింది. అలవాటుగా పన్నెండుమందీ గడియారాలు విప్పారు. విప్పి, ఆ తలుపు వంక చూస్తూ కూర్చున్నారు. అత్తయ్యగారు తన గడియారాన్ని మళ్లీ చేతికి కట్టుకుంది.

"మూడు కాదు, ముప్పై పడనీ. నేను తినడానికి పోతున్నా" అని టిఫిన్ డబ్బా పట్టుకుని లేచింది. వెనకే పదకొండు కుర్చీలు కిర్రుమన్నాయి.

డాక్టరమ్మ ఒక్కతే ఉండిపోయింది. పది నిమిషాలకు మొదటి పెట్టె గురగురమంది, తర్వాత దాని పక్కది, ఆ పక్కది. చెయ్యి వేసి చూస్తే వెచ్చగా ఉంది.

తలుపు తెరుచుకుంది. మేనేజరు ఖాళీ కుర్చీలన్నీ చూసి, దగ్గర్లో ఉన్న మౌసు మీదికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి సార్" అంది డాక్టరమ్మ. "ఇది భోజనాల గంట."