తలుపు తెఱపించిన తీర్మానము

నిదాఘమధ్యాహ్న చండభాను కిరణసంతప్త సైకతతలమునుండి లేచిన వడగాడ్పులు తాటియాకులను గలగల మ్రోయించుచు రేవులపుర వీథులను నిర్మానుష్యములు గావించుచుండ జిల్లాబోర్డు కార్యాలయపు వసారాలో నొక స్తంభమున కానుకొని "తీరవార్త" యను వారపత్రికకు విలేఖరియగు నాకెళ్ల జోగయ్య మూసిన తలుపులవంకఁ జూచుచు నిలువఁబడి యుండెను.

పూర్వము సోమరాజుగారు బోర్డున కధ్యక్షులై యున్న కాలమునఁ బత్రికలవారికి సభలో నొక బల్ల ప్రత్యేకింపఁబడి యుండెను. అడిగిన కాగితము సాయంకాలములోపలఁ జేతికి వచ్చుచుండెను. తరువాత నా పీఠ మెక్కిన జగన్నాథరాజుగారు విమర్శను సహింపనేరక బల్లను దీయించి తలుపులు మూయించిరి. నాఁటినుండి యాఱు వత్సరములు జోగయ్య కిటికీక్రింద నిలిచి చెవినిఁబడిన తునుకమాటలనే వార్తలుగాఁ గూర్చుచు వచ్చెను. అట్లు కూర్చిన దొకటి తప్పై నిరపరాధియగు నొక గుమాస్తా యుద్యోగము పోయెను. ఆతఁడు భార్యాబిడ్డలతో నూరు విడిచిన దినమునఁ గన్నులారఁ జూడని దేదియుఁ బ్రకటింపనని జోగయ్య యొట్టు పెట్టుకొనెను.

ఇపుడు బెస్తపాలెమున వాంతిభేదులు ప్రబలి పదిదినములలోఁ బదునేడుగురు మరణించిరి. అచ్చటి బోర్డునూతి నీరే తత్కారణమని వైద్యాధికారి నివేదించెననియు నా నివేదిక బీరువాలో దాఁపఁబడెననియు వదంతి. వ్రాసినఁ దప్పగునేమో వ్రాయకున్నఁ బ్రాణములు పోవునేమో యను సంశయము జోగయ్య హృదయమును ఱంపమువలెఁ గోయుచుండెను. నాఁడు క్రొత్త యధ్యక్షుఁడు తోట కన్నమనాయుఁడు ప్రథమసభ జరపుచుండెను. ఎన్నికలవేళ నాయనను దీవ్రముగా నధిక్షేపించిన పత్రిక తనదే యగుటచే జోగయ్య కాశ లేకుండెను.

ఇంతలోఁ దలుపు తెఱచుకొనెను.

"జోగయ్యబాబూ! పెసిడెంటుగారు తవర్ని లోనికి రమ్మంటున్నారండి" అని బంట్రోతు పిలిచెను.

"రండు కూర్చుండుఁడు. నన్నుఁ దిట్టిన చేతితోనే నేఁటి సభనుగూడ వ్రాయుఁడు" అని నాయుఁడు పలికెను.

జోగయ్య కూర్చుండక "పాలెపు నూతి నివేదికను దయచేయింపుఁడు" అని వేఁడెను.

సభ్యుఁ డొకఁడు దిగ్గున లేచి "ప్రజలు బెదరుదురు!" అని వారింప నాయుఁడు తల యూఁచి "బెదరినవారు కాఁచి త్రాగుదురు. ఎఱుఁగనివారు పచ్చినీరే త్రాగుదురు" అని బీరువా తెఱపించెను.

వదంతి యథార్థమే. జోగయ్య యా కాగితమును దుదివఱకుఁ జదివి ప్రతి వ్రాసికొనెను. అయినను ద్వారము దాఁటఁబోవుచు నతఁడు మరలి నిలిచెను.

"అయ్యా! నేఁడు మీ మంచితనమున నీ తలుపు తెఱవఁబడినది. ఎల్లి వేఱొకరి కోపమున మూయఁబడును. తీర్మానముగా వ్రాయింపుఁడు."

నాయుని మొగము ముడిఁగెను. "నాయందు నమ్మకము లేదా?"

"మీయందుఁ గలదు. మీ తరువాత వచ్చువారి నే నెఱుఁగను."

నాయుఁడు పకపక నవ్వి కలము నందుకొనెను. సభలకు విలేఖరులు రావచ్చుననియు నివేదికలు చూడవచ్చుననియుఁ జేసిన తీర్మాన మొక్క వోటు హెచ్చుతో నెగ్గెను.

ఆ సాయంకాలమే పాలెమున దండోరా వేయఁబడెను. ప్రత్యేకసంచిక యింటింటఁ జదువఁబడెను. నూతిపైఁ బలకలు కొట్టి బండ్లపైఁ బీపాలతో నదీజలము తెప్పించిరి. వారము తిరుగునప్పటికిఁ జావులు నిలిచెను.

తొమ్మిదవనాఁడు పాలెమునకుఁ బోయిన జోగయ్యను జూచి యెవ్వరో యెఱుఁగని యొక బెస్తవనిత కోలుకొన్న బిడ్డను జంకఁ బెట్టుకొని చెంబు చేతికిచ్చి "కాసిన నీళ్లే బాబూ, తాగండి" అనెను. ఆతఁడు కన్నులు మూసి గుటగుట త్రాగెను.