అచియెంగ్‌కి ఐదు నిమిషాలు

మా తెలుగువాళ్ళకి నలుగురు కూర్చునే చోటు కనబడితే చాలు, అక్కడో వేదిక పెట్టి, మైకు తగిలించి, ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటేగాని నిద్రపట్టదు. పదకొండేళ్ళుగా దుబాయ్‌లో ఈ తతంగం చూస్తున్నదాన్ని. అయినా తెలిసి తెలిసి నేనే అచియెంగ్‌ని తీసుకెళ్ళి ఆ నాగేంద్రబాబు చేతిలో పెట్టాను. నా బుద్ధి గడ్డి తింది.

అచియెంగ్‌ది కెన్యా. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లోని మా గోడౌన్‌లో నా ఎదురు బల్ల దగ్గరే ప్యాకింగ్ చేసేది. ప్రతి ఆదివారం నైఫ్ అనే పేటలో జడలల్లే దుకాణం వెనక గదిలో ఆఫ్రికా ఆడవాళ్ళు పదిహేను మంది దాకా చేరేవారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్ళు. అక్కడో చిన్న అలమర, అందులో నలభై పుస్తకాలు, అన్నీ వాళ్ళ మనుషులు రాసినవే. అట్టలూడితే మా గోడౌన్ టేపుతో అతికించుకునేవారు. ఒకరు చదివేవారు, ఇంకొకరు కథ చెప్పేవారు. కథ చెప్పే మనిషి ముందు ఒక పిలుపు పిలవాలి, వినేవాళ్ళు బదులు పలకాలి. మన పిల్లలు ఊ కొట్టినట్టే అనుకోండి. బదులు రాకపోతే కథ మొదలవదు. నేను కూడా వెళ్ళి మూల కూర్చుని పలికేదాన్ని.

దుబాయ్ వచ్చిన ఈ నాలుగేళ్ళూ అచియెంగ్ వినడమే తప్ప చెప్పింది లేదు. పోయిన నెల వాళ్ళమ్మ చనిపోయింది. మా ముదీర్, అదే మేనేజరు, సెలవివ్వలేదు, పాపాత్ముడు. పైగా అడిగినందుకు వీసా క్యాన్సిల్ చేయించి మంగళవారానికి టికెట్ తీశాడు. "వెళ్ళేలోపు మా అమ్మ కథ చెప్తాను. నన్ను పెంచిన తీరు ఈ ఆడవాళ్ళకి తెలియాలి" అంది. మిగిలింది ఒక్క ఆదివారం. సరిగ్గా ఆ వారమే జడల దుకాణం మూసేశారు.

"మా సంఘం వాళ్ళు హాలు మాట్లాడతారులే" అన్నాను గొప్పగా.

నాగేంద్రబాబు మా సంఘానికి అధ్యక్షుడు. సంగతి వినగానే మొహం వెలిగిపోయింది. "ఆఫ్రికా సోదరీమణులా? భేష్! నల్లజాతి సంస్కృతీ సంబరం అని బ్యానరేద్దాం."

"అన్నా, బ్యానర్లు గీనర్లు ఏం వద్దు. వాళ్ళు కింద కూర్చొని కథలు చెప్పుకుంటారు, అంతే."

"సభన్నాక ఓ పద్ధతుండాలి కదమ్మా! నువ్వూరుకో, నే చూసుకుంటా."

చూసుకున్నాడు మహానుభావుడు! నాలుగింటికి మొదలు, ఎనిమిదింటికల్లా హాలు ఖాళీ చేయాలి. వేదిక మీద పదకొండు కుర్చీలు, పదకొండింట్లోనూ మనవాళ్ళే. పండగ ఎవరిదో వాళ్ళు మాత్రం కింద మొదటి వరసలో. జ్యోతి వెలిగించారు. ప్రార్థన పాడించారు. కృష్ణచైతన్య అనే ప్లాట్ల వ్యాపారి తన వెంచరు గురించి నలభై నిమిషాలు వాయించాడు. ఆ ఆడవాళ్ళు అలమరలోంచి తెచ్చి బల్ల మీద పేర్చిన నాలుగైదు పుస్తకాలని ఒక్కడు తెరిచిన పాపాన పోలేదు. ఒకాయన మాత్రం పై పుస్తకం మీద తన టీ కప్పు పెట్టుకున్నాడు. తర్వాత శాలువాలు. ముందు వేదిక మీదివాళ్ళు ఒకరికొకరు కప్పుకున్నారు, మిగిలినవి కిందికి దిగాయి.

ఆఖర్న నాగేంద్రబాబు మైకందుకున్నాడు. "వీళ్ళ రంగు నలుపే కావచ్చు, కానీ మనసు మాత్రం మల్లెపువ్వంత తెలుపు!"

చప్పట్లు! సిగ్గూ శరం లేని చప్పట్లు. ఆ మాటన్న మనిషి చూస్తే అచియెంగ్ పక్కన రంగులో ఒక్క పిసరు కూడా తేలడు, మెడ దాకా పౌడరు పూసుకొచ్చాడంతే.

అచియెంగ్ నా వైపు వంగింది. మా ఇద్దరిదీ గోడౌన్ హిందీ. "ఏమన్నాడు?"

"మీరు చాలా మంచి మనుషులంట" అన్నాను.

పాపం, తను కూడా చప్పట్లు కొట్టింది.

ఎనిమిదికి పది నిమిషాలు తక్కువ. "ఇప్పుడు అచియెంగ్ గారికి ఐదు నిమిషాలు. ఈలోగా అటు భోజనాలు కూడా కానిచ్చేద్దాం!" అన్నాడు నాగేంద్రబాబు. ఆ మాటతో హాలంతా లేచింది. అచియెంగ్ మైకు ముందు నిలబడి పిలుపు పిలిచింది. మొదటి వరసవాళ్ళు పలికారు గానీ కుర్చీల రొదలో వినబడలేదు. హాలంతా కలియజూసి మళ్ళీ పిలిచింది. ఎదురుగా అన్నీ వీపులే. బిర్యానీ మూత తీశారు మరి.

"కానియ్యమ్మా, కానియ్యి, టైమైపోతోంది" అన్నాడు అధ్యక్షుడు వెనక నుంచి.

తను మైకు కింద పెట్టింది. శాలువా తీసి నాలుగు మడతలేసి బల్ల మీద ఉంచింది. పుస్తకాలన్నీ గుండెలకి హత్తుకుని నా దగ్గరికొచ్చింది.

"ఇందాక అతను నిజంగా ఏమన్నాడు? అప్పుడు నీ మొహం చూశాను."

చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. తను తల దించుకుని టీ మరక పడిన అట్టని బొటనవేలితో రుద్దుతూ వింది.

"మేం కిందికెళ్తున్నాం. కార్లు ఆపేచోట చెప్పుకుంటాం" అంది.

నేను కూడా బ్యాగు భుజాన వేసుకున్నాను.

"నువ్వు రావద్దు, దౌలత్‌బీ." గొంతు పెంచలేదు. "వాళ్ళతో కలిసి మమ్మల్ని తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నువ్వు నా చేత దానికి చప్పట్లు కొట్టించావు. మా అమ్మ మాట నీ ముందు ఎలా ఎత్తను?"

కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. కింద రెండు వరసల కార్ల మధ్య పదిహేను మందీ గుండ్రంగా కూర్చున్నారు. అచియెంగ్ చేతులు కదులుతున్నాయి. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. అద్దం లోంచి ఒక్క మాట వినబడదు. నాలుగేళ్ళు ఎదురెదురు బల్లల దగ్గర నిలబడ్డాం, వాళ్ళమ్మ పేరేంటో కూడా నాకు తెలియదు.

"ఏమ్మా, వాళ్ళెటుపోయారు? గ్రూప్ ఫోటో మిగిలిపోయింది కదా!" నాగేంద్రబాబు. "సర్లే, నువ్వైనా తిను."

ఆ పౌడరు మొహం మీద ఉమ్మాలనిపించింది. ప్లేటు నా చేతిలో పెట్టాడు. థాంక్సన్నా అని తీసుకున్నాను.