మచ్చ ముందు, పాట తరవాత

"మునగ థెరపీ అంటండీ!" అని బుజ్జమ్మ ఫోను పెట్టేసి మొగుడు గున్నేశ్వరరావుకి ప్రకటించింది.

కూతురు సాయిసుధ రాజమండ్రిలో పరిశోధన చేసే డాక్టరు. షుగరు వల్ల మానని పుళ్లకి కొత్త మందు పరీక్షిస్తున్నామనీ, శనివారం రావులపాలెం అరటి మార్కెట్లో శిబిరం పెడుతున్నామనీ, పుళ్లున్నవాళ్లకి చెప్పమనీ చెప్పింది. బుజ్జమ్మ మార్కెట్టంతా చెప్పింది, మునగ అని.

శనివారం పొద్దున్న సాయిసుధ బల్ల మీదకి పేర్లకు బదులు మునగాకు కట్టలొచ్చాయి.

"మా పెరట్లోదమ్మా, లేతాకు" అని హమాలీ చిట్టియ్య ఓ కట్ట పెట్టి, గుడ్డ చుట్టిన కాలితో కుంటుతూ వెళ్లాడు. మిగతావాళ్లు ఆకే కదా, ఇంట్లోనే తినేద్దామని అసలు రాలేదు.

"ఇవాళ పదిమందైనా చేరకపోతే ఈ పరీక్ష వేరే జిల్లాకి ఇచ్చేస్తారు నాన్నా. రెండేళ్ల కష్టం" అంది సాయిసుధ.

గున్నేశ్వరరావు ఎడమకాలి బూటుని బల్ల కిందకి జరుపుకున్నాడు. చక్కెరకేళి గెలలు వేలంపాట పెట్టే ఆ పెద్దమనిషి ఒంట్లో చక్కెరే కేళి ఆడుతోంది. ఎడమకాలి బొటనవేలి కింద మూడు నెలల పుండు. మేజోడు తొడిగి, బూటు బిగించి, పెళ్లానికీ కూతురికీ కూడా దాచాడు. పండ్లవాడికి పుండేంటని నామోషీ.

కానీ మార్కెట్లో ఆయనకో పద్ధతుంది. గెలని పాట గట్టు మీదకి ఎక్కించగానే మచ్చున్న వైపే జనానికి తిప్పుతాడు. ముప్పై ఏళ్లుగా ఆయన గెలని ఎవరూ రెండోసారి తిప్పి చూడలేదు.

పాట గంట కొట్టారు. గున్నేశ్వరరావు గెల లేకుండానే గట్టెక్కాడు. స్టూలు మీద కూర్చుని బూటు విప్పాడు, మేజోడు లాగాడు.

"ఏంటండీ ఇది, గున్నేశ్వరరావు గారూ!" అన్నాడు భీమరాజు అనే కొనుగోలుదారు.

"మచ్చండి. మూడు నెలలు మీకు అటువైపు తిప్పి పెట్టాను. కాలు దాచానుగానీ కాలం ఆగిందా? పుండు పడితే ఒంట్లో కాపలా కణాలు మన హమాలీల్లా పరిగెత్తుకొస్తాయి. చెత్త ఎత్తేసి వెళ్లిపోవాలి. షుగరున్నోళ్ల ఒంట్లో పనైపోయినా వెళ్లవండి. అక్కడే గొడవకి దిగి మంచి కండని కూడా పాడుచేస్తాయి. ఆ గొడవ సర్దే మందు మా అమ్మాయి చేతిలో ఉంది. దాంతో పుండు మానుతుందో లేదో తేల్చడానికే మిమ్మల్ని రమ్మంటోంది."

రెండేళ్లు ఫోన్లో విన్నదంతా తండ్రి నోట పొల్లుపోకుండా వస్తుంటే సాయిసుధ కాగితాలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పుండు చూసి కళ్లెర్రజేసింది. "మూడు నెలలా? పైగా సొంతవాళ్లని ఈ పరీక్షలో చేర్చుకోకూడదు నాన్నా!"

"తెలుసమ్మా. నాది మచ్చుకి చూపించే సరుకు, పాటకి కాదు."

"ఇవాళే వేరే డాక్టరు గారి దగ్గరకి నడు... కాదు, నడవకు, ఆటోలో!"

చిట్టియ్య కాలి గుడ్డ విప్పుకుంటూ బల్ల దగ్గరకొచ్చాడు. అతని వెనక ఇంకో హమాలీ ఐజాక్. ఆ వెనక మూతి ముడుచుకునే భీమరాజు కూడా! మధ్యాహ్నానికి పదకొండు పేర్లు.

"మరి ఈ మునగాకు ఎప్పుడు నూరతారే?" అంది బుజ్జమ్మ.

సాయిసుధ పాట మైకు అందుకుంది. "మునగ కాదండీ, ఇమ్యూనో! అంటే ఒంటికుండే రక్షణ శక్తి. దాన్ని దారిలో పెట్టే వైద్యం ఇమ్యూనోథెరపీ. అమ్మ ఫోన్లో మునగ అని విందండీ."

మార్కెట్టు గొల్లున నవ్వింది. బుజ్జమ్మ కట్టలన్నీ సంచీలో సర్దుకుంది, పప్పులోకని. ఆటో ఎక్కుతూ గున్నేశ్వరరావు మైకు లేకుండానే అరిచాడు: "గెలలు చాలా అమ్మానండీ! గెలుపు మాత్రం మా అమ్మాయిదే!"