పాకం అత్తరు

మా నాయన అమీర్‌సాబ్ ముక్కు గురించి హిందూపురం బజారులో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. సీసా మూత తీయకముందే అందులో ఏముందో చెప్తాడని అనేవాళ్లు. అది ఉత్త కోత. మూత తీస్తేనే చెప్పేవాడు. తీశాక మాత్రం ఏ పువ్వు పడింది, గంధపు నూనె ఎంత, కల్తీ ఎక్కడ జరిగింది, అన్నీ వరసగా చెప్పేవాడు. నేను ఆయన కూతుర్ని, షాహిదాని. ముక్కు ఆయన దగ్గరినుంచి వచ్చింది, నోరు మా అమ్మ దగ్గరినుంచి వచ్చింది. రెండూ బాగానే పనిచేస్తాయి.

తొంభై నాలుగు చలికాలంలో నాయనకు పెద్ద జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది, జలుబు పోయింది, వాటితోపాటు వాసన కూడా పోయింది. డాక్టరు ఏవో చుక్కలిచ్చాడు, అమ్మ వాము పొగ పట్టింది, ఏం లాభం లేకపోయింది. మా ఇంట్లోవాళ్లకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. కంసాలికి కళ్లు పోయాయంటే బంగారం ఎవరిస్తారు? అందుకని గప్‌చుప్‌గా ఉండిపోయాం. కలిపే పని నా చేతికొచ్చింది. నాయన గల్లా దగ్గర కూర్చుని, కొనేవాళ్లకు చేతిమీద రాసి, తనూ వాసన చూసినట్టు చేసి, “బాగుండాది” అనేవాడు. అబద్ధం కదా అని నేనొకసారి ఏడిపిస్తే, “కొలత నాది. నా కొలత బాగుంటాదని నాకు తెల్దా? అబద్ధం ఎందుకైతాది?” అన్నాడు.

మా అత్తర్లకు కాలాలుంటాయి. ఎండాకాలం వట్టివేరు రాసుకుంటారు, ఒళ్లు చల్లబడుతుంది. తొలకరికి మట్టి అత్తరు. చలి ముదిరితే హీనా, దాంట్లో వేడి ఉంటుంది. మరి వానలు వెనకబట్టాక, పొద్దున్నే దుప్పటి వెతుక్కునే రోజులు ఇంకా రాకముందు, ఆ నెలా నెలన్నర మాటేమిటి? వట్టివేరు రాసుకుంటే తుమ్ములు, హీనా రాసుకుంటే తలనొప్పి. దసరా, దీపావళి వచ్చేది సరిగ్గా అప్పుడే. జనం కొత్తబట్టలు కట్టి, ఏదో ఒక పాత సీసా రాసుకుని వెళ్లిపోతున్నారు. ఇన్నేళ్లుగా ఇంతమంది అత్తరు సాయిబులు ఏం చేశారో నాకు అర్థం కాదు. నేను చేస్తానన్నాను.

అనడమే కాదు, చేశాను కూడా. మా ఊరి బెల్లం మండీ పక్కన పుట్టినదానికి వేరే సరుకు వెతకాల్సిన పనేముంది? మండీకి వెళ్లి ఒక్కొక్క అచ్చూ వాసన చూస్తుంటే హమాలీలు నవ్వారు. నవ్వనీ. నల్లబెల్లం తెచ్చి రాగిచెంబులో పాకం పట్టి, నాలుగు యాలకులు దంచి వేసి, మూతకు పిండి మెత్తి, ఆ ఆవిరిని గొట్టంలోంచి గంధపు నూనెలోకి దించాను. మొదటిసారి మాడింది. ఇల్లంతా పొగ, అమ్మ నోటికి హద్దు లేదు. రెండోసారి బెల్లం తప్ప ఇంకేమీ తెలియలేదు. అప్పుడు మడకశిర వైపు తోటల నుంచి వచ్చే సుగంధరాజ పూలు, అవే లిల్లీపూలు, గంపెడు తీసుకుని, సాయంత్రం మొగ్గ విచ్చేవేళ అదే నూనెలోకి వాటినీ దించాను. కొన్నాళ్లు ఊరనిచ్చి మూత తీసి చూస్తే, ముందు పువ్వు వచ్చింది, దాని వెనకాలే పాకం వచ్చింది, చివరికి గంధం మిగిలింది. సెబాష్ షాహిదా అని నాకు నేనే అనుకున్నాను. ఇంకెవరంటారు మరి.

సీసా తీసుకెళ్లి నాయనకిచ్చాను. ముక్కు దగ్గర చాలాసేపు పెట్టుకున్నాడు. మూత పెట్టి తిరిగి నాకిచ్చాడు. ఎట్లుండాది అని అడగలేను, తెలియదని ఆయన చెప్పలేడు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

అదే రోజుల్లో మా తమ్ముడు ఇంతియాజ్ అంగడిమీద కన్నేశాడు. అత్తర్లు ఎత్తేసి ఎస్టీడీ బూత్ పెడతానంటాడు. ఊరంతా పసుప్పచ్చ బోర్డులే, మనమెందుకు వెనకబడాలి అంటాడు. వాడి మాటలోనూ న్యాయం లేకపోలేదు. స్ప్రే సీసాలొచ్చాక మా దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. నాయన ఇద్దరి మాటా విని ఒక మాట చెప్పాడు. ధర్మవరం రామలింగయ్య శెట్టి ఈ కొత్త అత్తరు తీసుకుంటే అంగడి నాది. తీసుకోకపోతే దీపావళి తర్వాత అది ఫోన్లదే. నేను సరేనన్నాను. ఇంతియాజ్ అప్పుడే బోర్డు రాసేవాడితో మాట్లాడటానికి వెళ్లాడు.

రామలింగయ్యది పట్టుచీరల కొట్టు. పెళ్లిచీర కొన్నవాళ్ల చేతికి అత్తరు రాయడం, దూదిమీద చుక్క వేసి వెన్నకాగితంలో చుట్టి చీర పెట్టెలో పెట్టడం వాళ్ల తాతల నాటి ఆనవాయితీ. ఆ దూది వాసనకే వాళ్ల కొట్టు చీర అని పోల్చుకునేవాళ్లున్నారు. మాకున్న పెద్ద గిరాకీ ఆయనొక్కడే. ఆయనకో అలవాటుంది. నాయన తన ఎదురుగా వాసన చూసి, నోరు తెరిచి బాగుండాది అంటే తప్ప చుక్క కూడా కొనడు. ఆ ఒక్క మాటే ఇప్పుడు నాకు కావాలి.

వినాయకుని పండగ అయిన తర్వాతి వారంలో బయల్దేరాం. పెనుకొండలో బస్సు మారాం. రెండో బస్సు చెన్నేకొత్తపల్లి దాటేసరికి సంచిలో సీసా బిరడా కొంచెం వదులై కాస్త కారింది. ముందు సీట్లో ముసలామె మెడ తిప్పి వెనక్కి చూసింది. కండక్టర్ హనుమక్కా అని పిలుస్తుంటే కూడా వినిపించుకోకుండా, “ఎవురప్పా ఓళిగలు తెచ్చుకున్యారు?” అని బస్సంతటికీ వినపడేలా అడిగింది. బొబ్బట్లనుకుందంటే నా పాకం పలికినట్టే, నా ఆనందానికి అవధుల్లేవు. నాయన మొహం మాత్రం వాడిపోయింది. అత్తరు పూసుకుంటే ఎవరీమె అని అడగాలి గానీ, ఏం వండినారు అని అడగడమేమిటని ఆయన బాధ.

అదను చూసి అసలు సంగతి ఎత్తాను. శెట్టి ముందు మామూలుగా చెప్పే మాటే చెప్పమన్నాను. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, అది వేరే, ఇది వేరే అన్నాడు. హీనా తన కొలత. ఇది ఎట్లుంటుందో తనకు తెలియదు. తెలియనిదాన్ని బాగుంది అని ఎట్లా చెప్పేది? నాకు ఒళ్లు మండింది. కూతురి చెయ్యిమీద ఆమాత్రం నమ్మకం లేదా అన్నాను. నమ్మకముంది, అందుకే బస్సెక్కినా అన్నాడు. నేను ధర్మవరం వచ్చేదాకా బిరడా గట్టిగా అదిమిపట్టుకుని కూర్చున్నాను.

కొట్లో తెల్లటి పరుపులమీద చీరలు పరిచి ఉన్నాయి. రామలింగయ్య, ఆయన భార్య జయలక్ష్మి ఇద్దరూ ఉన్నారు. కాఫీలిచ్చారు. శెట్టి తన కప్పులో చక్కెర వేయలేదు. షుగరొచ్చి ఏడాదైందట, ఇంట్లో తీపి అన్నదే లేకుండా చేసిందట ఆమె. నేను సీసా తీసి ఆయన మణికట్టుమీద ఒక చుక్క రాశాను. ఆయన చేయి ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, మళ్లీ తీసుకెళ్లి, ఇంకోసారి కూడా తీసుకెళ్లాడు. జయలక్ష్మి చూస్తూనే ఉంది. ఆమె కూడా వాసన చూసి సీసా పక్కకు జరిపింది.

“ఇది వంటింటి వాసన కదమ్మా. పొద్దంతా పొయ్యికాడ ఉండి, ఆ వాసన పోవాలని నీళ్లు పోసుకుని, పట్టుచీర కట్టుకునేది. మళ్లా అదే పూసుకోమంటావా?” అంది. చీరల పెట్టెలకు చీమలు పడితే ఎవరిది పూచీ అని కూడా అడిగింది.

చీమల మాటకు జవాబు సులువు. ఇది ఆవిరి, దీంట్లో బెల్లం పలుకు కూడా లేదు, చీమలు మనుషులంత వెర్రివి కావు అన్నాను. మొదటి మాటకు మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాను. “జయక్కా, పోపు వాసన వదిలించుకుంటారు, ఉల్లిగడ్డ వాసన వదిలించుకుంటారు. పండగనాడు పాకం వాసన వస్తాంటే కడుక్కుని పోయినోళ్లను నేను యాడా చూళ్లేదు. ఇది పనిచేసినదాని వాసన కాదు. ఆ దినం ఇంటికి పిలిచినోళ్ల వాసన.”

ఆమె కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు మొహం పెట్టింది. శెట్టి చేయి దించి, నా మాటలన్నీ పక్కకు తోసేసి, నాయన వైపు తిరిగాడు.

“అదంతా ఆడోళ్ల మాటలు, పక్కన పెట్టు. అమీర్‌సాబూ, నువ్వు చెప్పు.”

నేను చుక్క వేసిచ్చిన దూది నాయన అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ ఒక్కమాట అను నాయనా, నీకేం పోతుంది అని లోపల వేడుకుంటున్నాను. నా అంగడి, నా చేతిపని అంతా ఆయన పెదాలమీద ఉంది. ఆయన కళ్లు తెరిచి దూదిని పరుపుమీద పెట్టాడు.

“నా ముక్కు పోయి శానా దినాలైంది శెట్టీ. నాకు ఏ వాసనా తెల్దు. అప్పటిసంది నువ్వు కొనిందంతా ఈ పాప కలిపిందే. పాతవాటికి కొలతలు నావి గాబట్టి బాగుండాది అన్నా. ఇది యట్లుండాదో నాకు తెల్దు. తెల్దని చెప్తాండా.”

ఇన్నాళ్లూ అమ్మా నేనూ రెప్పలా కాచుకున్న సంగతిని, అడగకుండానే, నడి కొట్లో పెట్టేశాడు. ఒక్క మాటతో అత్తరు పోయింది, అంగడి పోయింది, ఆయన పరువూ పోయింది అనుకున్నాను.

రామలింగయ్య మొహం ఎర్రబడింది. ఏళ్ల తరబడి ఎవరి మాట నమ్ముకున్నట్టు అని గొణిగాడు. తర్వాత కాసేపు తన మణికట్టే చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. అమీర్‌సాబ్ మాట లేకుండా తన తండ్రీ కొనలేదు, తనూ కొననన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకింకా దిగులేసింది.

నేను సీసా సంచిలో పెట్టుకోబోతుంటే నాయన నా చేయి పట్టుకున్నాడు.

“యట్లుండాదో నాకు చెప్పు.”

బాగుండాది నాయనా, శానా బాగుండాది అన్నాను.

“బాగుండాదని నువ్వు చెప్పద్దు. అది నేను చెప్పల్ల. యట్లుండాదో చెప్పు.”

ఎన్ని సీసాల గురించి గొప్పలు పోయానో. కానీ వాసనే తెలియని మనిషికి వాసన ఏమని చెప్పేది? పువ్వు అంటే ఆయనకేం అందుతుంది, గంధం అంటే ఏం అందుతుంది? కళ్లు మూసుకుని దూది వాసన చూశాను. చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

“నల్లమాడకాడ మన అవ్వోళ్ల చేన్లో శెనక్కాయ పీకిన దినం నాయనా. సాయంత్రమైంది. ఎండ ఉండాది గానీ కాల్చడం లేదు, గాలి ఉండాది గానీ చలి లేదు. అందరూ ఒళ్లు కట్టెల మాదిరి బిగుసుకుపోయి కూచుని కాయలు వలుస్తాండారు. అవ్వ, మీయమ్మ, మూడురాళ్ల పొయ్యిమీద బాణలి పెట్టింది, ఉండలు కట్టనీకి. పాకం ఉడికి తీగ పడతాండాది. యాలకులు ఇప్పుడే వేసింది. నువ్వు పెనుకొండ నుంచి తెచ్చిచ్చిన సుగంధరాజ పూలు కొప్పులో పెట్టుకోనుండాది, పొయ్యి సెగకు అవి వాడతాండాయి. నన్ను పిలవలేదు, నిన్నే పిలిచింది. నువ్వు పోయి ఆమె పక్కన వొంగినావు. గరిటె కొసన పాకం చల్లారబెట్టి నీ చేతిలో పెట్టింది. వొంగినప్పుడు ఆమె తల్లో పూలు, ఆ పాకం, రెండూ కలిసి ఒక్కసారి తగిలినాయి జూడు. అదే. అంతకంటే ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు.”

చెప్పడం అయ్యేసరికి నా కళ్లు తడిశాయి. సిగ్గేమీ పడలేదు. ఎప్పుడు చేయి చాచాడో గానీ, నాయన కుడిచేయి వెల్లకిలా తెరిచి పరుపుమీద ఉంది. ఆయన గుటక వేశాడు. గొంతులో ఆ ముడి పైకి లేచి కిందికి దిగడం అందరం చూశాం. జయలక్ష్మి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయన శెట్టి వైపు తిరిగాడు.

“బాగుండాదప్పా,” అన్నాడు.

రామలింగయ్య మళ్లీ మణికట్టు ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ఈసారి ఆయన భార్య చూసీ చూడనట్టు ఊరుకుంది. కాసేపటికి ఆయన చేయి దించి, ఎప్పుడూ నాయనని అడిగే మాట నన్నడిగాడు.

“ఎప్పుడిస్తావు పాపా?”

నేను నాయన వైపు చూడలేదు. దసరాకు ముందే అన్నాను.