బానెట్‌కి తాళం

నాకు కోపం ఎక్కువని అందరూ నా ముందే అంటారు. అనుమానం ఇంకా ఎక్కువని మాత్రం నా వెనకాల అంటారు. వాటర్ ప్లాంట్‌లో నా పేరు పోలీసక్క. పెట్టినవాడెవడో ఇప్పటికీ తెలియలేదు. తెలిసిన రోజున వాడి సంగతి చూస్తాను.

పదమూడేళ్లుగా పికప్ నడుపుతున్నాను. కొండ మీద కాలనీకి రోజూ మంచినీళ్ల క్యాన్లు వేస్తాను, ట్రిప్పుకి అరవై. బండికి ఏ రిపేరు చేయించినా, తీసేసిన పాత సామాను సంచిలో వేసి నా చేతికి ఇవ్వాల్సిందే. అరిగిన బెల్టు, మాడిన బుష్షు, చివరికి వాషరు కూడా. కొత్తది వేశామని చెప్పి పాతదే తుడిచి బిగించే మహానుభావులు ఈ లోకంలో బోలెడుమంది. నా మంచం కింద అలాంటి పాత సామాను గోనెసంచి నిండా ఉంది.

మా మరిదికి ఇదంతా అలవాటే. మా చెల్లెలి మొగుడు, పెద్ద గ్యారేజీలో హెడ్ మెకానిక్. పదకొండేళ్లుగా నా బండి చూసేది అతనే. పని అయిపోగానే పాత సామాను కవర్లో వేసి, "ఇదిగో వదినా, నీ ఆస్తి" అని నవ్వుతూ ఇచ్చేవాడు. నేను అక్కడే విప్పి లెక్క చూసుకునేదాన్ని. అతను ఒక్కసారి కూడా ముఖం మాడ్చుకోలేదు.

మొన్నామధ్య పాత బండి మార్చి ఇంకోటి తీసుకున్నాను. ఏరి పెట్టింది కూడా మరిదే.

"పాత బండికి టర్బో ఉంది గానీ ఇంటర్‌కూలర్ లేదు వదినా," అన్నాడు. "టర్బో గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. వేడి గాలి పలచన. అందుకే ఎక్కుడులో నీ బండి నల్లగా పొగ కక్కేది. ఇందులో ఆ గాలి ఇంటర్‌కూలర్లో చల్లారాకే ఇంజన్లోకి వెళ్తుంది. చల్లారితే చిక్కబడుతుంది, డీజిల్ బాగా మండుతుంది, లాగుడు పెరుగుతుంది. ఇక బానెట్ మీద నోరు తెరుచుకున్నట్టున్న ఈ మూతి ఎందుకు పెట్టారంటే..."

"అందానికి. నాకు తెలుసులేవయ్యా," అన్నాను. పదమూడేళ్లు స్టీరింగ్ పట్టినదానికి బండి గురించి పాఠాలా!

బండి మాత్రం బంగారం. పాతది కొండ ఎక్కాలంటే రెండో గేర్లో మూలిగేది. ఇది అరవై క్యాన్లతో మూడో గేర్లో చకచకా ఎక్కేసింది. వారం రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

సోమవారం మొదటి సర్వీసుకి గ్యారేజీలో ఇచ్చాను. మంగళవారం పొద్దున ప్లాంట్‌లో లోడు ఎత్తుతుంటే, ట్యాంకర్ నడిపే బట్టతలాయన నా చెవి దగ్గరికి వచ్చాడు. "అక్కా, జాగ్రత్త. ఇంటర్‌కూలరంటే అల్యూమినియం, అమ్మితే మంచి రేటు. మంచిది పీకేసి, కారిపోయేది బిగిస్తున్నారట. పైకి ఏమీ తెలీదట."

వెళ్లి బానెట్ మీదున్న ఆ మూతిలోకి చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకి ఇంటర్‌కూలర్ తగిలింది! నాకు తగిలితే దొంగకి తగలదా? ఆ మధ్యాహ్నమే రేకుల షాపుకి వెళ్లి మూతి లోపలివైపు రేకు వేయించాను. ఎనిమిది రివెట్లు. బయటికి అనుమానం రాకుండా నల్లరంగు కొట్టించాను. బానెట్‌కి గొళ్లెం పెట్టించి, తాళం వేసి, తాళంచెవి నా మెడలో గొలుసుకి తగిలించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక కాపలా ఏం కాపలా?

బుధవారం కొండ సగంలో బండి చచ్చుబడింది. మూడో గేరు లాగలేదు, రెండో గేరులో కూడా ఏడుస్తూ ఎక్కింది. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి, తల బయటపెట్టి, "దిగి తొయ్యమంటారా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

నాకు వేరే ఆలోచనే రాలేదు, మంగళవారం పొద్దున బాగానే ఎక్కిందన్నది కూడా గుర్తు రాలేదు. ఆదివారం దాకా బండి బాగుంది. సోమవారం మరిది చేతిలో పెట్టాను. బుధవారం చచ్చింది. ఇంకేం కావాలి? పైగా సోమవారం సాయంత్రం ఫోన్ చేసి, "బండి ఎలా లాగుతోంది వదినా?" అని అడిగాడు. ఎప్పుడూ అడగనివాడు ఎందుకడిగాడు? బండి ఇచ్చినప్పుడు చూస్తే అతని కాళ్లకి కొత్త బూట్లు కూడా ఉన్నాయి. పదకొండేళ్లు నా చెవిలో పువ్వులు పెట్టాడన్నమాట!

గురువారం మొగుడూపెళ్లాలిద్దరూ మా ఇంటికి వచ్చారు. లాగుడు పోయిందని ఎవరో చెప్పారట.

"ఒక్కసారి బానెట్ ఎత్తు వదినా, చూస్తాను," అన్నాడు.

నేను బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాను. "చూసిందీ పీకిందీ చాలు. నా బండి మీద చెయ్యి పడిందంటే మర్యాదగా ఉండదు."

"పీకడమేంటి?"

"నా ఇంటర్‌కూలర్ ఏం చేశావ్?"

అతని ముఖం పాలిపోయింది. దొరికిపోయాడు కాబట్టే పాలిపోయిందనుకున్నాను. వెనక్కి తిరిగి తన స్కూటర్ ఎక్కాడు. చెల్లెలు మాత్రం గుమ్మంలోనే ఆగింది.

"అక్కా, గ్యారేజీ పెద్దాయన దగ్గరికి మాత్రం వెళ్లకు. సామాను మార్చాడన్న మాట ఆయన చెవిన పడితే ఆ రోజే పనిలోంచి తీసేస్తాడు. తర్వాత ఈ చుట్టుపక్కల ఏ గ్యారేజీవాడూ రానివ్వడు. మా బతుకు ఏం కావాలి?"

"ఆ మాట మీ ఆయన పీకేముందు అనుకోవాల్సింది," అన్నాను.

శుక్రవారం పొద్దున్నే గ్యారేజీ ఓనరు ముందు కూర్చున్నాను. పెద్దాయన మొత్తం విన్నాడు. మరిదిని పిలిచి చెయ్యి చాపాడు. మరిది పనిముట్ల బీరువా తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. షెడ్డులో పనిచేస్తున్న వాళ్లంతా చూస్తూనే ఉన్నారు. నాకు కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు, ఆ నిమిషంలో నిజంగానే చల్లబడింది.

"లోడుతో కొండ ఎక్కిద్దాం అమ్మా. పైన బానెట్ తీసి చూద్దాం," అన్నాడు పెద్దాయన.

ఆయన నా పక్కన కూర్చున్నాడు. మరిది పనిముట్ల పెట్టె పెట్టుకుని స్కూటర్ మీద వెనకాల వచ్చాడు. బండి ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. "చూశారా సార్, చూశారా," అని మలుపు మలుపుకీ అన్నాను.

పైన నీళ్ల ట్యాంకు పక్కన ఆపి, మెడలోంచి తాళంచెవి తీసి, తాళం తెరిచి బానెట్ ఎత్తాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని ఇంటర్‌కూలర్ మీద నంబరు చదివాడు. నా కొనుగోలు కాగితం మీద నంబరు చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు.

"ఇది నీ బండిదేనమ్మా. ఎవరూ మార్చలేదు. ఎక్కడా కారడం కూడా లేదు."

కాగితం తీసుకుని నేనూ చదివాను. అదే నంబరు.

ఆయన ఇంటర్‌కూలర్ మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీశాడు. "ఇంత కాలిపోతోందేంటి?" అని తల ఎత్తి బానెట్ అడుగు చూశాడు. వేలితో కొట్టాడు. రేకు టంగుమంది.

"ఎవడ్రా ఇది కొట్టింది? ఈ మూతిలోంచి వచ్చే గాలే కదా దీన్ని చల్లార్చేది! మూతి మూసేస్తే ఇంటర్‌కూలర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే!"

ఆ రోజు మరిది చెప్పబోయిన మాట అదే. నేను చెప్పనివ్వని మాట.

పెద్దాయన మరిది వైపు తిరిగాడు. "సర్వీసులో బానెట్ ఎత్తినవాడివి నువ్వు. ఇది నీ పనేగా? ఏం దాచడానికి కొట్టావ్?"

మరిది రేకు చూశాడు. గొళ్లెం చూశాడు, నా చేతిలో తాళం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. అయినా పెదవి విప్పలేదు.

"మాట్లాడవేం? అయితే రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు పెద్దాయన.

నేను నోరు మూసుకుంటే చాలు. నా మాటే నెగ్గుతుంది, పోలీసక్క పరువు నిలుస్తుంది. నా అంతట నేను తప్పు ఒప్పుకున్న రోజు నా జన్మలో లేదు. గుమ్మంలో నిలబడిన చెల్లెలి ముఖం కళ్ల ముందుకొచ్చింది.

"నేనే కొట్టించాను సార్," అన్నాను. "దొంగలు చెయ్యి పెడతారని. అతనికి తెలీదు. అతను ఏమీ చెయ్యలేదు."

పెద్దాయన జేబులోంచి బీరువా తాళాలు తీసి మరిది చేతిలో పెట్టాడు. మరిది తీసుకున్నాడు. పెట్టె తెరిచి, ఉలీ సుత్తీ తీసుకుని, ఒక్కో రివెట్టూ కొట్టి రేకు ఊడదీశాడు. ఇంజన్ చల్లారాక కిందికి దిగి, అదే లోడుతో మళ్లీ ఎక్కాం. మూడో గేరు. బండి పువ్వులా ఎక్కింది. నాకు ఏడుపొచ్చింది.

గ్యారేజీకి తిరిగొచ్చాక మరిది దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను.

"మరిదీ, నన్ను..."

అతను ఒక కవర్ నా చేతిలో పెట్టాడు. లోపల నల్లరంగు రేకు ఉంది, అడుగున రివెట్లున్నాయి.

"మీ పాత సామాను మేడం," అన్నాడు. "ఎనిమిది రివెట్లు. ఒకసారి లెక్క చూసుకోండి."

పదకొండేళ్లలో అతని నోట నాకు మేడం అన్న మాట రాలేదు. అతను ఇంకో బండి కిందికి దూరిపోయాడు. కొత్త బూట్లు మాత్రం బయటికి కనపడుతున్నాయి. నేను అక్కడే నిలబడ్డాను. నా చెయ్యి, పాడు అలవాటు, నా ప్రమేయం లేకుండానే కవర్లోకి పోయింది.

ఎనిమిదీ ఉన్నాయి.