పురుగులింటి కుంపటి

పురుగులింటి గుమ్మం ముందు చెప్పులు మళ్లీ కుప్పగా పడి ఉండటం చూసి ఓబులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తల మీది మల్బరీ ఆకు మోపును దబ్బున కింద పడేసింది. లోపలి నుంచి నవ్వులు, బీడీ పొగ. మామ తిమ్మప్ప, ఆయన స్నేహితులు తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

అది చైనా యుద్ధం జరిగిన ఏటి చలికాలం. హిందూపురం పక్కనున్న ఆ పల్లెలో పొద్దున్నే చెంబు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. మనిషైతే కంబళి కప్పుకుని ఎట్లాగో బతికేస్తాడు. పట్టుపురుగు బతకదు. చలికి ఆకు ముట్టదు, మేత మానేసిన పురుగు గూడు కట్టదు. అందుకే వెనక గది పురుగులకిచ్చి, నడుమ కుంపటి పెట్టి, రాత్రింబవళ్లు వెచ్చగా ఉంచాలి. పెనుకొండ వైపు నుంచి బండి మీద వచ్చే బొగ్గు మూటలన్నీ ఆ కుంపట్లోకే పోయేవి.

"ఈ పురుగులు తెచ్చే దుడ్లు బొగ్గుకే సాలవు," అన్నాడు తిమ్మప్ప గూళ్ల పంట మొదట్లోనే. "ఈ తూరి కూడా ఇట్లే కాలితే మల్బరీ పీకేసి చెనక్కాయ ఏస్తా. దున్నేకి ఎల్లప్ప మడకకు చెప్పి పెట్టినా."

ఆ తోట ఓబులమ్మ చేతి కష్టం. అమరాపురంలోని పుట్టింటి నుంచి కొమ్మలు మోసుకొచ్చి నాటింది. బావిలో నీళ్లు చేది పోసి బతికించింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ ఇంట్లో ఇది నాది అనుకోవడానికి ఆమెకు ఉన్నది అదొక్కటే.

బొగ్గు తగ్గించడానికి ఆమె చేయని పని లేదు. గోడల బీటలకు పేడా మట్టీ మెత్తింది. పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతోందని పాత చీరలు కలిపి కుట్టి పైకప్పు కింద అడ్డంగా కట్టింది. తలుపు వెనక గోనెపట్టా వేలాడదీసింది. కుంపటిని భగ్గుమనిపించి వదిలేసే బదులు, కాసిని నిప్పులు వేసి పైన బూడిద కప్పితే పూటంతా గది ఒకే తీరున వెచ్చగా ఉంటుందని కనిపెట్టింది. ఇంత చేసినా మూట కళ్లముందే ఖాళీ అయిపోతోంది.

కాక ఏం చేస్తుంది? ఊళ్లో చలికి వణికే పెద్దమనుషులకు ఊరికే వేడి దొరికే చోటు అదొక్కటే అయిపోయింది. ఆమె ఆకుకు పోగానే చేరతారు. బూడిద కెలికి గంపెడు బొగ్గు గుమ్మరిస్తారు. తమ బీడీ పొగకు తామే ఉక్కిరిబిక్కిరై కిటికీ తెరుస్తారు. ఆ పొగ పురుగుకు విషమని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. మొగుడు రామాంజనేయులుకు చెబితే, "నాయనతో నేనేం మాట్లాడేది? పోనీలే," అన్నాడు. ఆ పోనీలే విన్నాక మామ మీదకంటే మొగుడి మీదే ఎక్కువ మండింది.

గోనెపట్టా అవతల తిమ్మప్ప గొంతు వినిపించింది. "ఏం జెప్పేదప్పా ఎల్లప్పా, మూట మళ్లీ అయిపోవచ్చె. ఆడోళ్లకు పొదుపు యాడ తెలుస్తాది? పంట కానీ, మడక తోలుకొని రా."

ఓబులమ్మ గోనెపట్టా లాగి లోపలికి పోయింది. పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. మేత మాని, తలలెత్తి, పాత చర్మం విడవడానికి కదలకుండా పడి ఉన్నాయి. వాటి మీదికే బార్లా తెరిచిన కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. ఆమె కిటికీ మూసింది. తడి గోనె చుట్టి కుంపటి ఎత్తి, వాళ్ల మధ్య నుంచే నడిచిపోయి వీధి అరుగు మీద పెట్టింది.

తిమ్మప్ప వెనకాలే వచ్చాడు. "ఏమ్మే, మతి గాని పోయిందా?"

"చలి కాసుకోవల్లంటే ఈడ కూసోండి మామా."

"ఈ ఇల్లు ఎవురిదనుకున్యావు?"

"ఇల్లు నీదే. జ్వరంలో పడుండే పురుగులు నావి. కిటికీ తెరిసి కుంపటి రాజేసుకొనేది మీరు, పీకేది నా తోటనా?"

స్నేహితులు తలలు దించుకుని చెప్పులు వెతుక్కున్నారు. ఆమె పగిలిన కుండలో కాసిని నిప్పులు ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

అరుగు మీది బొగ్గును గాలి ఇట్టే తినేసింది. మర్నాడు తిమ్మప్ప ఇంకాసిని అడిగితే, "అది పురుగుల మూట. మీగ్గావాలంటే తెచ్చుకోండి," అంది. ఎవరూ తేలేదు. పంట అయ్యేదాకా ఆయన కోడలితో మాట్లాడలేదు, ఆమే పలకరించలేదు.

గూళ్లు గట్టిగా వచ్చాయి. రామాంజనేయులు హిందూపురంలో అమ్ముకొచ్చిన రోజు సాయంత్రం తిమ్మప్ప అరుగు మీద తన స్నేహితులతో అంటున్నాడు. "నేను గట్టిగా చెప్తేనే గదప్పా, ఈ తూరి బొగ్గు తక్కువ కాలింది."

ఓబులమ్మకు ఒళ్లంతా భగ్గుమంది. మిగిలిన బొగ్గు మూటను బరబరా ఈడ్చుకొచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టి మూతి విప్పింది.

"సూడు మామా. మీరు లోపలికి రాని దినాల్లో మిగిలిన బొగ్గు ఇది."

తిమ్మప్ప వంగి మూటలోకి చూశాడు. ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "ఎల్లప్పా, మడక వద్దులే."

రామాంజనేయులు పెళ్లాం పక్కకు వచ్చి, "గెలిస్తివి గదా, ఇంక పోనీలే," అన్నాడు మెల్లగా.

"నేను పోనీను," అంది ఓబులమ్మ. పురుగులింటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తోటకు నీళ్లు పెట్టడానికి పోయింది.