భూమన్న నుదుటి మీద లేచిన అక్కి

ఒంటి మీద ఒక పక్కగా మంట పుట్టి, నీటి పొక్కులు బారుగా లేస్తే దాన్ని అక్కి అంటారు. రుద్రూర్ చుట్టుపక్కల ఎవరికి అక్కి లేచినా కుమ్మరి భూమన్న ఇంటికి రావాల్సిందే. ఆదివారం, గురువారం పొద్దున్నే ఆయన జాజు అనే ఎర్రమట్టి నూరి, పుల్ల ముంచి, పొక్కుల చుట్టూ ఎర్రగా సింహాల్ని గీసి అక్కి రాసేవాడు. సింహాన్ని చూసి అక్కి జడుసుకుని పారిపోతుందని ఆయన తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఆయనా అదే చెప్పేవాడు. నిజం చెప్పాలంటే ఆ సింహాలు కుక్కల్లా ఉండేవి. చేయి చాచి ఏదీ అడగని మనిషికి వంకలు పెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు.

డెబ్బై రెండేళ్లొచ్చినా ఒక్క గోలీ మింగలేదని భూమన్నకు గొప్ప. తన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లేనని ఆయన ఏనాడో గమనించాడు. తనూ ఆ వరసలోకే వచ్చాడన్న సంగతి మాత్రం గమనించలేదు.

ఒక శుక్రవారం ఆయన కుడి కనుబొమ్మ పైన సూదులతో గుచ్చినట్టు పోటు మొదలైంది. శనివారానికి నుదుటి మీద కుడి పక్కన మాత్రమే పొక్కులు లేచాయి. కోడలు సుమలత చూసి హడలిపోయింది.

"మామా, కంటి దగ్గరికొచ్చింది. నిజామాబాద్ పోయి సూపెట్టుకుందాం పా."

"అక్కి రాసేటోడే అక్కికి దవాఖానకు పోతే రేపట్నుంచి నా గడప ఎవలు తొక్కుతరు? రేపు ఐతారమే గద. రాసుకుంట."

ఆ చుట్టుపక్కల ఈ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆదివారం పొద్దున భూమన్న అద్దాన్ని గోడకు ఆనించి, తన నుదుటి మీద తానే గీసుకోవడం మొదలుపెట్టాడు. అద్దంలో చూస్తూ గీసేసరికి చేయి ఒక పక్కకు పోతే గీత ఇంకో పక్కకు పోయింది. సింహం తోక కనుబొమ్మ దాటి రెప్ప మీదికి దిగింది. ఆ అవతారంతోనే, నుదురు పట్టుకుని మూలుగుతూనే, ఆ రోజు వచ్చిన ఇద్దరికి అక్కి రాసి పంపాడు. మొండితనంలో ఆయన్ని మించినవాడు లేడు. సాయంత్రానికి రెప్ప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. కోడలు మళ్లీ బతిమాలింది. రాసిన తర్వాత ఒకసారి ఇలాగే రేగుతుందని కసిరి పడుకున్నాడు.

భూమన్న కంటి సంగతి చెవిన పడి సోమవారం పొద్దున బిల్కిస్ వచ్చింది. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు గాజులు తొడిగిన మనిషి. నిరుడు భుజం నుంచి మోచేతి దాకా అక్కి లేస్తే మొదటి రోజే భూమన్న దగ్గరికి వచ్చి రాయించుకుంది. ఆ తర్వాత గాజుల పని మానేసింది. వయసైపోయిందిలే అనుకున్నాడు భూమన్న.

సుమలత పీట వేసింది. బిల్కిస్ కూర్చుని ఆ నుదురు, ఆ ఉబ్బిన కన్ను చూసింది.

"రాసిన చెల్లె, తగ్గుతది. నీకు తగ్గలేదా?" అన్నాడు భూమన్న.

ఆమె పీటను ఆయన దగ్గరికి జరుపుకుంది. "ఒక మాట చెప్తా, గుస్స చెయ్యకన్నా," అంది. "నాకు తగ్గలే."

"ఎప్పుడడిగినా మంచిగైందంటివి గద?"

"పొక్కులు ఎండిపోయినయ్. లోపల మంట పోలే. యాడాదైంది. బట్ట తగిల్తే నిప్పు పెట్టినట్టుంటది. గందుకే గాజులు ఇడ్సిపెట్టిన. చెల్లె అని పిలిచి రాసినోనివి, నీ మొఖం జూసి తగ్గలే అని ఎట్ల చెప్పాలె? నాకు చెయ్యి పోయింది. నీకు పోయేది కన్ను. మా అయాజ్ ఆటో తెచ్చిండు, బయటున్నది. లేవన్నా."

భూమన్నకు తలకాయ తీసేసినట్టయింది. ఇన్నేళ్లుగా మంచిగైందని చెప్పి వెళ్లిన ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్లలో ఎంతమంది మర్యాదకు చెప్పారో ఇప్పుడెవరిని అడగాలి? సుమలత తడి గుడ్డతో రెప్ప మీది జాజు తుడుస్తుంటే ఈసారి అడ్డు చెప్పలేదు.

బిల్కిస్ కొడుకు అయాజ్ ఆటోను చెరుకు తోటల మధ్య నుంచి ఎక్కడా ఆపకుండా తోలాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో కళ్ల డాక్టరమ్మ లైటు వేసి కన్ను చూసి, చుక్కల మందు వేసి, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని అడిగింది. ఏడేళ్లప్పుడు పోసిందన్నాడు.

"అది అప్పుడు పూర్తిగా పోలేదు. నరంలో దాక్కుని నిద్రపోయింది. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నన్నాళ్లూ లేవలేదు. వయసుతో పాటు ఆ కాపలా కూడా ముసలిదవుతుంది, అప్పుడు లేస్తుంది. ఇందులో మీ తప్పేం లేదు. పైన ఏం పూసినా, పూయకపోయినా పొక్కులు కొన్నాళ్లకు వాటంతటవే ఎండిపోతాయి. లోపల నరం దెబ్బతినకుండా ఉండాలంటే మందు మొదటి మూడు రోజుల్లో పడాలి. మీరు సమయానికి వచ్చారు. కన్ను దక్కుతుంది."

కన్ను దక్కుతుందన్న మాటకు పక్క కుర్చీలో ఉన్న బిల్కిస్ అల్లాను తలుచుకుంది. భూమన్న మనసు మాత్రం అంతకు ముందు మాట దగ్గరే ఆగిపోయింది. పూసినా, పూయకపోయినా.

"డాక్టరమ్మా, నిరుడు ఒకామెకు భుజం మీద లేసింది. మొదటి రోజే వచ్చింది. గప్పుడే మీ దగ్గరికి తోలిస్తే, గిప్పుడు గామెకు మంట లేకుండునా?"

డాక్టరమ్మ మందుల చీటీ రాస్తూ తల ఎత్తలేదు. "కచ్చితంగా చెప్పలేం. లేకుండా పోయేదేమో."

"చీటి తీస్కో అన్నా, పోదాం," అంది బిల్కిస్ గబగబా.

భూమన్న ఆమె వైపు తిరిగాడు. కనబడే ఒక్క కంటితో చూశాడు. చుక్కల మందు వేసిన కంట్లోంచీ, వేయని కంట్లోంచీ నీళ్లు కారాయి. మందు కొట్టుకుపోతుంది, ఏడవొద్దని డాక్టరమ్మ మందలించింది.

ఆయన కుర్చీలోంచి లేచి బిల్కిస్‌ను అందులో కూర్చోమన్నాడు. ఆమె వద్దంటున్నా వినలేదు.

"గామె ఈమెనే, డాక్టరమ్మా. రాసింది నేనే. జెర ఈమె చెయ్యి గూడ సూడుండ్రి."